ఒకే ఒక్క ప్రతి

"తీశావా లేదా అని నేను అడగట్లేదు ఫెన్నా. పక్కగదిలో యోరిట్ ఏం చెబుతాడని అడుగుతున్నాను. అది ఆలోచించు," అన్నాడు డాక్టర్ టెర్ప్‌స్ట్రా.

ఫెన్నాకి పద్నాలుగేళ్ళు. అసాధారణ తెలివితేటలున్న పిల్లల కోసం గ్రోనింగెన్ నగరంలో నడిపే ఆ బడిలో ఏడాదికి ఇరవైమందికే చోటు. ఆ చోటు కోసం ఆ పిల్ల రోజూ ఎదురుగాలిలో పదిహేను కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ వస్తుంది.

టెర్ప్‌స్ట్రా అక్కడ గేమ్ థియరీ చెబుతాడు. ఎదుటివాడు ఏం చేస్తాడో ముందే ఊహించి, మనకేది లాభమో తేల్చుకునే లెక్క అది. అందులో తనంతవాడు లేడని ఆయనకి గట్టి నమ్మకం. ఇంట్లో పనులు పంచుకోవడానికి కూడా భార్య ముందు లాభనష్టాల గడులు గీస్తాడట. అయినా గిన్నెలు ఆయనే కడుగుతాడట.

ఆ రోజు, గురువారం పొద్దున్న కాఫీ వేళ ఆయనే లేచి చెప్పాడు, మర్నాటి ఫైనల్ పరీక్ష ప్రశ్నపత్రం తన సొరుగులో లేదని.

ప్రిన్సిపాల్ వీర్స్మా మేడమ్ తలొక బిస్కెట్టూ పంచి డబ్బాకి మూత పెట్టబోతోంది. ఆగిపోయింది.

"ఇంకో కాపీ లేదా?"

"కంప్యూటర్లో పెడితే మన పిల్లలు అరగంటలో లాగేస్తారు మేడమ్. అందుకే చేత్తో రాసే పద్ధతి పెట్టుకున్నాను. ఒకే ఒక్క ప్రతి."

"పోలీసులకి చెబుదామా?"

"చిన్నపిల్లల మీద పోలీసులా? ఛ! నాకు వదిలెయ్యండి. పరీక్ష సోమవారానికి జరపండి చాలు. రేపటికల్లా దొంగని మీ ముందు నిలబెడతాను."

ఎంత మంచి మనసు అనుకుంది మేడమ్. మళ్ళీ మూత తీసి ఆయనకి రెండో బిస్కెట్టు ఇచ్చింది. ఆ బడి చరిత్రలో రెండో బిస్కెట్టు తిన్నవాడు అంతవరకూ లేడు.

ఆ వారం టీచర్లకి కాఫీ అందించే వంతు ఫెన్నాది, యోరిట్‌ది. స్టాఫ్ రూములో అడుగుపెట్టే పిల్లలు ఆ ఇద్దరే. కాబట్టి దొంగలూ ఆ ఇద్దరే.

టెర్ప్‌స్ట్రా ఇద్దరినీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి, బోర్డు మీద నాలుగు గడులు గీశాడు. ఒకరు ఒప్పుకుని రెండోవాళ్ళ పేరు చెబితే, చెప్పినవాళ్ళకి ఏ శిక్షా లేదు. నోరు విప్పని రెండోవాళ్ళని బడిలోంచి పంపేస్తారు. ఇద్దరూ చెబితే ఇద్దరికీ నెలరోజుల సస్పెన్షన్. ఇద్దరూ చెప్పకపోతే వారం పాటు సైకిళ్ళ షెడ్డు ఊడవాలి.

"నేను తియ్యలేదు సార్," అంది ఫెన్నా.

"మళ్ళీ అదే మాట! నీ లోపం ఏంటో తెలుసా? లెక్క మధ్యలోకి నిజాన్ని లాక్కొస్తావు."

"చెయ్యని పని చేశానని ఎలా చెప్పను?"

"నోటితో."

ఫెన్నా బోర్డు మీది గడుల్ని వేలితో చూపించింది.

"ఇందులో నా లాభనష్టాలున్నాయి, యోరిట్‌వి ఉన్నాయి. మీవి ఎక్కడున్నాయి సార్?"

"రిఫరీ బంతి తన్నడమ్మా," అన్నాడు టెర్ప్‌స్ట్రా, కాస్త చిరాగ్గా.

"అయితే నేను షెడ్డు ఊడుస్తాను. యోరిట్ కూడా ఏం చెప్పడు. చెప్పడానికి ఏం ఉందని?"

పక్కగదిలో యోరిట్‌కి అంతసేపు పట్టలేదు. కాగితం మీద రెండు గీతలు గీసి చూసుకున్నాడు. ఫెన్నా చెప్పినా, చెప్పకపోయినా తను చెప్పెయ్యడమే మేలు. లెక్కలో తప్పు లేదు.

"ఫెన్నా తీసింది సార్. నేను తలుపు దగ్గర కాపలా ఉన్నా."

"ఏ రంగు కవరు?"

"నీలం... కదా సార్?"

"నన్నడుగుతావేంట్రా? చెప్పాల్సింది నువ్వు."

"నీలమే సార్."

"ఎన్ని ప్రశ్నలు?"

"తొమ్మిది. పది కూడా ఉండొచ్చు."

టెర్ప్‌స్ట్రా శ్రద్ధగా రాసుకుని, వాడి భుజం తట్టాడు. "శభాష్! ఆరు వారాల పాఠం నీ ఒక్కడికే వంటబట్టిందిరా."

"మరి ఫెన్నాని నిజంగానే పంపేస్తారా సార్?"

"అది ఆమె ఎంచుకున్న గడి."

శుక్రవారం మేడమ్ ఫెన్నాని పిలిచి యోరిట్ వాంగ్మూలం చదివి వినిపించింది.

"అబద్ధం మేడమ్," అంది ఫెన్నా.

"అబద్ధమైతే, సార్ చెప్పిన నీలం కవరు సంగతి వాడికెలా తెలిసింది?"

ఏడవకూడదనుకుంది కానీ ఏడ్చేసింది. పాపం, అన్ని తెలివితేటలున్న పిల్లకి ఆ గదిలో ఒక్కటీ అక్కరకు రాలేదు. లాకరు ఖాళీ చేసి, రెయిన్‌కోటు తొడుక్కుని, పుస్తకాలన్నీ సైకిలు వెనక కట్టుకుని వెళ్ళిపోయింది. యోరిట్ కిటికీలోంచి చూసి, పక్కకి తిరిగి రొట్టె మీద చీజు పెట్టుకున్నాడు.

స్టాఫ్ రూములో టీచర్లు టెర్ప్‌స్ట్రాకి చప్పట్లు కొట్టారు. పోలీసుల అవసరం లేకుండా, గొంతు పెంచకుండా, కేవలం నాలుగు గడులతో దొంగని పట్టిన వైనం గురించి తల్లిదండ్రుల సభలో మాట్లాడాలని మేడమ్ కోరింది. టెర్ప్‌స్ట్రా వినయంగా తలవంచి సరేనన్నాడు.

అందరూ వెళ్ళిపోయాక ఆయన స్టాఫ్ రూము తలుపు గడియ వేసుకుని, ఆరు వారాలుగా రేపు, రేపు అనుకుంటూ ఒక్క అక్షరమూ రాయని ఆ ఫైనల్ పరీక్ష ప్రశ్నపత్రానికి మొట్టమొదటి ప్రశ్న రాయడం మొదలుపెట్టాడు.