కొమ్మ జారిన తాత

ఉత్తరాది మంచుదేశంలో ఫిన్నులనే జనం ఉండే అడవిలో వేటగాళ్ళు ఎలుగుబంటిని పేరు పెట్టి పిలవరు. 'తేనెచేతుల తాత' అంటారు. ఈటెతో పొడిచేటప్పుడు కూడా అలాగే అంటారు.

అలా ఒక తాతను పొడిచి, ఊళ్ళో విందు చేసి, పుర్రెను తెచ్చి పైన్ చెట్టు కొమ్మకు కట్టారు. ఆ చెట్టు తొర్రలో ఉడుత కాపురం ఉంది. ఈటె దిగడం అది కళ్ళారా చూసింది.

కొన్నాళ్ళకు ఒక పడుచు ఎలుగు వచ్చి చెట్టు కింద నిలబడింది.

"తాతా, నిన్నెవరు చంపారు?"

"ఎవరూ చంపలేదు నాయనా," అంది పుర్రె. "కొమ్మ మీంచి నేనే జారిపడ్డానట. వాళ్ళే చెప్పారు. ఎంత మర్యాదస్తులనుకున్నావు. పెద్దపీట వేసి కూర్చోబెట్టారు. బీరు ముందు నాకు పోశాకే తాము తాగారు. తెల్లార్లూ నా మీద పాటలు పాడారు."

ఉడుత ఉండబట్టలేకపోయింది. "నువ్వు చెట్టెక్కి ఎన్నేళ్ళయింది తాతా? నిన్ను పొడిచింది వాళ్ళే. నేను చూశాను."

"నిన్ను విందుకు పిలిచారా?"

"లేదు."

"అదీ సంగతి," అంది పుర్రె.

పడుచు ఎలుగుకు అర్థమైంది. ఇక జన్మలో చెట్టెక్కనని తాతకు మొక్కి, ఆ మర్యాదస్తులను చూద్దామని తిన్నగా ఊరిదారి పట్టింది. ఉడుత వద్దు వద్దంటూ కొమ్మల మీద వెంటపడింది గానీ, చెట్లు అయిపోయిన చోట ఆగిపోయింది.

తొలి మంచు పడేసరికి కొమ్మకు రెండో పుర్రె వచ్చింది.

"చెట్టెక్కనన్నావు కదా, ఎలా పోయావు?" అని అడిగింది ఉడుత.

"నున్నటి రాయి మీద కాలు జారింది. తప్పు నాదే," అంది కొత్త పుర్రె. తర్వాత గొంతు తగ్గించింది. "తాతకు చెప్పకు గానీ, పాటలు నాకే రెండు ఎక్కువ పాడారు."