పసుపు అక్షరాల మెనూ

"మన సైట్‌లో ఆ మెనూ నా కంటికి ఆనడం లేదు. అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యవూ?" అన్నాడు ఫొటోగ్రాఫర్, భార్య పక్కకి కుర్చీ లాక్కుంటూ.

స్టూడియో వెబ్‌సైట్ చూసుకునేది ఆమే. ఆపరేషన్ తర్వాత వేస్తున్న కంటి చుక్కలు పనిచేస్తున్నాయనీ, వచ్చే నెల నుంచి పెళ్లిళ్లు ఒప్పుకుంటాననీ అతను పట్టుబట్టి ఉన్నాడు. ఆమె కూడా ఆశపడింది.

సెట్టింగుల్లో అంత పెద్ద అక్షరాలు దొరకలేదు. సైట్ రూపాన్ని నడిపే థీమ్ ఫైలు తెరిచి, మెనూకి తనే కోడ్ రాసి సేవ్ చేసింది.

"నల్ల పట్టీ మీద పసుపు అక్షరాలు పెట్టానండీ. ఎలా ఉందో చూడండి," అంటూ ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పింది.

అతను ముందుకు వంగాడు. "అబ్బ, ఇప్పుడు బాగుంది! పెళ్లిళ్లు, పుట్టినరోజులు, మా గురించి... అన్నీ చదవగలుగుతున్నాను. పసుపు భలే కొట్టొచ్చినట్టు కనబడుతోంది. చుక్కలు పనిచేస్తున్నాయని చెప్పానా?"

ఆమె సంబరంగా తనూ వంగి చూసింది. కోడ్‌లో ఎక్కడో సెమికోలన్ మరిచిపోయినట్టుంది, సైట్ మొత్తం ఆగిపోయింది. తెరంతా తెల్లగా ఉంది. మెనూ లేదు, ఒక్క అక్షరమూ లేదు.

"పుట్టినరోజుల పక్కన కొంచెం ఖాళీ ఎక్కువైందేమో," అన్నాడతను, తెర మీంచి చూపు తిప్పకుండా.

"అవునండీ," అందామె. "కొంచెం జరుపుతాను."