జరిగినవి చెప్పడం వస్తే చాలు

వెంకటరావమ్మ స్పానిష్ నేర్చుకుంటోందన్న సంగతి ఊళ్ళో అందరికీ తెలిశాక, ఆఖరున ఆమె మొగుడికి తెలిసింది.

ఆ రోజునుంచీ అంకమ్మరావుకి ముద్ద దిగడం లేదు. వినుకొండ పక్క పల్లెటూరు, రెండెకరాల మిరప చేను, పదో తరగతి చదువు, యాభై దాటిన వయసు. ఈ మనిషికి స్పానిష్ దేనికి? ఆ దేశపు వాళ్ళ మొహం కూడా ఆమె చూసి ఎరగదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

పాఠం చెప్పేది పక్కవీధి శ్రీరమ్య. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తూ, స్పెయిన్ వాళ్ళతో గలగలా మాట్లాడుతుంటుంది. వెంకటరావమ్మ రోజూ మధ్యాహ్నం అన్నం తిని, చీర మార్చుకుని మరీ అక్కడికి వెళ్ళొస్తోంది. వచ్చాక కల్లంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ, ఏదో ఒక్క వాక్యమే గొణుక్కుంటోంది. చివర్లో తడబడుతుంది. మళ్ళీ మొదటికొస్తుంది.

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. పోయిన నెల ఆమె ఒంటరిగా ఒంగోలు వెళ్ళింది. కళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పింది. కళ్ళజోడు మాత్రం ఇంతవరకూ రాలేదు. అప్పట్నుంచే ఫోను రొంటిన దోపుకుని తిరుగుతోంది. ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు తీసి చూశాడు. ఏదో విదేశం నంబరు. పేరు లేదు. పదకొండుసార్లు మాట్లాడింది, అన్నీ శ్రీరమ్య ఇంట్లో ఉన్న వేళల్లోనే.

ఇక ఆగలేక, మిర్చి ధర కనుక్కునే వంకతో శ్రీరమ్య దగ్గరికి వెళ్ళాడు. ధర చెప్పించుకున్నాడు. అది చెవికెక్కితే ఒట్టు.

"మీ పిన్నికి ఏం నేర్పుతున్నావమ్మా?"

"జరిగిపోయినవి చెప్పడం, బాబాయ్. బాగున్నారా, భోంచేశారా లాంటివి ముందు నేర్చుకో పిన్నీ అంటే వినలేదు. జరిగినవి చెప్పడం వస్తే చాలంది."

"ఏం జరిగినవి?"

శ్రీరమ్య తల దించుకుంది. అది మాత్రం ఎవరికీ చెప్పొద్దని పిన్ని ఒట్టు వేయించుకుందట.

అంకమ్మరావు ఇంటిదారి పట్టాడు. నడుస్తూ దారంతా లెక్కలేసుకున్నాడు. ఈమె ఎవర్ని కలిసింది? ఎవరు ఏం చెప్పారు? ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆమె ఏనాడూ ఎదురు మాట్లాడలేదు. మూడో కాన్పుకి ఒంగోలు ఆసుపత్రికి వెళ్ళి ఒట్టి చేతులతో తిరిగొచ్చిననాడు కూడా అతని భుజం మీదే పడి ఏడ్చింది. ఇద్దరు కూతుళ్ళూ అత్తారిళ్ళలో ఉన్నారు. ఈమె కూడా గడప దాటితే తనకు గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కు లేదు. భయమేసింది. నిజంగానే భయమేసింది.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో గంప కింద కోడి ఉంది. దండెం మీద ఉతికిన పట్టుచీర ఆరుతోంది. ఆమె కల్లంలో తొడిమలు తీస్తోంది, అదే వాక్యం గొణుక్కుంటూ.

"ఎవరొస్తున్నారే?"

"రేపు నువ్వే చూస్తావుగా."

అతను ఎదురుగా గొంతుకూర్చున్నాడు. మిరప ఘాటుకో మరి దేనికో, కళ్ళు మండుతున్నాయి.

"నెల్నాళ్ళ నుంచి వింటున్నా. ఆ వాక్యం ఏందో తెలుగులో చెప్పు."

వెంకటరావమ్మ చేతిలో కాయ కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. మొగుడి కళ్ళలోకి చూస్తూ, ఈసారి ఎక్కడా తడబడకుండా చెప్పింది.

"నువ్వు పురిట్లోనే చనిపోయావని మీ నాన్నే నాకు చెప్పాడు తల్లీ."