స్కేలు అంచు

“‘డెఫినెట్లీ’ రాయండి మాస్టారూ,” అంది థెరపిస్టు, పలక ఆయన ముందుకు తోస్తూ.

పక్షవాతం వచ్చి రాత మర్చిపోయిన ఆ ఇంగ్లీషు మాస్టారు ఆమెను గుర్తుపట్టలేదు. చిన్నప్పుడు ఇదే మాట తప్పు రాసిందని చెక్క స్కేలు అంచుతో ఆమె మెటికలు వాయగొట్టింది ఆయనే. మిగతా రోగుల చేత ‘పిల్లి’, ‘పాలు’ రాయిస్తుంది. ఈయనకు మాత్రం కావాలనే ఇది ఇచ్చింది.

ఆయన చెమటలు కక్కుతూ రాశాడు.

“తప్పు. మళ్లీ రాయండి.”

మళ్లీ తప్పే. ఆమె కడుపు చల్లబడింది.

“పోనీ, ‘సిన్సియర్లీ’ రాయండి.”

అదీ తప్పే.

“గాడిదలా పెరిగారు, సిగ్గులేదూ?” ఒకప్పుడు క్లాసంతా వినేలా ఆయన తిట్టిన తిట్టే, ‘పెరిగావు’ను ‘పెరిగారు’ చేసి ఆయనకే అప్పజెప్పింది.

మాస్టారు బలపం కింద పెట్టాడు. కళ్లు గట్టిగా మూసుకుని, చేతిని బల్ల మీద బోర్లా చాపాడు.

“చెయ్యెందుకు చాపారు?” అంది. బల్ల కింద ఆమె వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి.

“కొట్టండి,” అన్నాడాయన చిన్నపిల్లాడి గొంతుతో. “అంచుతో మాత్రం వద్దు నాన్నగారూ.”