ఉక్కు బాబాయి డ్రాయరు

“అది జ్వరం కాదు, క్రమశిక్షణ లేని ఒళ్లు,” అన్నాడు ఉక్కు బాబాయి, శాలువా కప్పుకుని వణుకుతూ ఇంటికి బయల్దేరిన టైపిస్టును చూసి.

ఆ ఆఫీసులో అందరికన్నా సీనియర్ గుమాస్తా ఆయన. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఒక్క సిక్ లీవు పెట్టలేదు. ఆ పేరు పెట్టినవాళ్లు వెక్కిరింపుగానే పెట్టారు కానీ, ఆయన దాన్ని బిరుదు కింద నెత్తిన పెట్టుకున్నాడు.

టైపిస్టు మెట్లు దిగీ దిగకముందే పాఠం మొదలైంది. ఒంట్లో తెల్లకణాలని ఉంటాయట, అవి కాపలావాళ్లట. క్రిమి చొరబడితే పట్టుకుని మింగేస్తాయట. ఒకసారి చూసిన క్రిమి మొహం మళ్లీ మరిచిపోవట. అందరి కాపలావాళ్లూ కునుకు తీస్తుంటే, ఆయనవి మాత్రం బూట్లు వేసుకునే పడుకుంటాయట. వినేవాళ్లకు నవ్వొచ్చింది. అయినా ఎర్రగా నిగనిగలాడుతున్న ఆ మొహం చూసి కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

డిస్పాచ్ గుమాస్తా మాత్రం ప్రతి మాటా శ్రద్ధగా వింది. ఆమె అవసరం అలాంటిది. కొత్తగా వచ్చిన పెద్దాఫీసరు ఆ ఏడాది ఒక పథకం పెట్టాడు. ఏడాది పొడుగునా సిక్ లీవు పెట్టనివాళ్లకు ఆరోగ్య కవచం అని ఓ పతకం, దాంతోపాటు కోరుకున్న ఊరికి బదిలీ. హాజరు పట్టీ చూసి ఒంట్లో బలం లెక్కగట్టే మేధావి ఆయన. ఆమె భర్త రెండేళ్లుగా వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాడు. నాలుగేళ్ల కూతురు ఫోను మోగితే చాలు, నాన్న వచ్చాడని దాన్ని పట్టుకుని పరిగెడుతుంది. పతకం ఎవడిక్కావాలి, ఆమెకు ఆ బదిలీ కావాలి.

టైపిస్టు కోలుకుని వచ్చాక, బాబాయి పక్క కుర్చీ తనకొద్దంది, అక్కడ గాలి పడట్లేదట. డిస్పాచ్ గుమాస్తా అడిగి మరీ అందులోకి మారింది. అంత ఆరోగ్యం పక్కన కూర్చుంటే తనకూ కాస్త అంటకపోతుందా అని ఆశపడింది.

బాబాయికి ఆప్యాయత ఎక్కువ. కాగితాలు వేలు తడుపుకుని ఒక్కొక్కటే తీసి అందించేవాడు. ఆమె పెన్ను అడిగి తీసుకుని, చివర కొరుకుతూ ఆలోచించి, తిరిగిచ్చేవాడు. భోజనాలప్పుడు ఆమె డబ్బాలో చెయ్యి పెట్టి ఓ ముద్ద రుచి చూడందే ఊరుకునేవాడు కాదు. ఆ చెయ్యి తగిలితే ఒక్కోరోజు పొయ్యి దగ్గర కాచినట్టు ఉండేది. నెత్తురు పుష్కలంగా ఉన్న మనిషి అనుకుంది ఆమె. ఎండాకాలంలో స్వెట్టరు వేసుకొస్తే, ఏసీ పడదు కాబోలనుకుంది.

ఏదీ పారేసే రకం కాదాయన. అయిపోయిన రీఫిలు మీదా, అరిగిపోయిన రబ్బరు మీదా కూడా తేదీ వేసి దాచేవాడు. అదంతా డ్రాయరులో, డ్రాయరుకు తాళం, తాళంచెవి నడుముకి. అప్పుడప్పుడు అటు తిరిగి డ్రాయరు సగం తెరిచి, ఏదో నోట్లో వేసుకుని నీళ్లు తాగేవాడు.

“ఏంటి బాబాయ్ గారూ అది?” అని ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

“చెబితే డాక్టర్లు దుకాణాలు కట్టేసుకోవాలి తల్లీ. మా తాతల నాటి రహస్యం.”

ఆఫీసంతా అదే చర్చ. ఏదో వేరు అన్నాడు డ్రైవరు, కాదు భస్మం అన్నాడు క్యాషియరు. వాదన తేలకముందే డ్రైవరు మంచం పట్టాడు, కొన్నాళ్లకు క్యాషియరు. బాబాయి ఇద్దరి ఇళ్లకూ వెళ్లి, ఒళ్లు అదుపులో పెట్టుకోమని బోధించి వచ్చాడు.

ఆమె పదకొండు నెలలు పళ్ల బిగువున నెట్టుకొచ్చింది. కడిగి కడిగి చేతులు పొలుసులు లేచాయి. జలుబు చేసిన కూతురు ముద్దు పెట్టబోతే మొహం పక్కకు తిప్పుకుంది. పిల్ల చిన్నబుచ్చుకుని వెళ్లిపోవడం తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ప్రాణం ఉసూరుమంటుంది. తీరా ఏడాది ఇంకో ఎనిమిది రోజుల్లో పూర్తవుతుందనగా ఒళ్లు కాలిపోయింది. ఆఫీసుకు వెళ్దామని చీర కట్టుకుని గుమ్మం దాకా వచ్చి అక్కడే కూలబడింది. నాలుగు రోజులు సిక్ లీవు. బదిలీ గాల్లో కలిసిపోయింది.

“ఏం చేస్తాం తల్లీ. కాపలావాళ్లు గట్టిగా లేకపోతే అంతే,” అన్నాడు బాబాయి ఆమె తిరిగొచ్చాక. ఆమెకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. కోపం కూడా తన ఒంటి మీదే.

పతకం ఇచ్చే రోజు హాలు నిండిపోయింది. ఏడాదంతా నిలిచింది బాబాయి ఒక్కడే. ఉక్కు మనిషి తన ఆరోగ్య రహస్యం ఇవాళ విప్పుతాడని పెద్దాఫీసరు మైకులో ప్రకటించాడు. బాబాయి జేబులు తడుముకున్నాడు. ప్రసంగం డ్రాయరులో ఉండిపోయింది. తనే వెళ్లబోతే ఫొటోగ్రాఫరు కదలొద్దన్నాడు, ఆఫీసరు భుజం మీద వేసిన చెయ్యి తియ్యలేదు. చివరికి తాళంచెవి డిస్పాచ్ గుమాస్తా చేతికొచ్చింది.

“పైనున్న కాగితం ఒక్కటే తే తల్లీ. ఇంకేం కదపకు,” అన్నాడు బాబాయి.

“రహస్యం కూడా అక్కడే ఉందటగా. అదీ పట్టుకురామ్మా, అందరం చూద్దాం,” అన్నాడు ఆఫీసరు నవ్వుతూ.

ప్రసంగం కింద రబ్బరు బ్యాండు వేసిన ఓ ఖాళీ రేకుల కట్ట ఉంది. కట్టలో ఒక్కోదాని మీదా బాబాయి గుండ్రటి దస్తూరీతో తేదీ. మొదటిది టైపిస్టు శాలువా కప్పుకుని వెళ్లడానికి రెండు రోజుల ముందుది. తర్వాతది డ్రైవరు పడిపోవడానికి రెండు రోజుల ముందు. ఆ తర్వాతది క్యాషియరుకు ముందు. చివరి తేదీ చూసి ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. తను గుమ్మంలో కూలబడడానికి రెండు రోజుల ముందు, ఆయన తన డబ్బాలో రెండు ముద్దలు ఎక్కువ తిన్న రోజు అది.

తిరిగి వెళ్లి, కాగితం బాబాయికి ఇచ్చింది. కట్ట మాత్రం ఆఫీసరు చేతిలో పెట్టింది. “నా తెల్లకణాలు...” అని మొదలుపెట్టిన బాబాయి, పక్కకు చూసి ఆగిపోయాడు. ఆఫీసరు కళ్లజోడు సవరించుకుని, కట్టలోంచి ఒకటి లాగి, వెనక్కి తిప్పి, మైకు ముందుకు జరిగాడు.

“జ్వరం మాత్రలు,” అని చదివాడు.