తొట్టిలో మిగిలిన ఆల్చిప్పలు

అక్టోబరు 14, మంగళవారం. పొద్దుటి నుంచి ముసురు. నిన్న సాయంత్రమే ల్యాబులో తొట్టి కడిగాను. మిగిలిన ఆల్చిప్పలు పారేశాను.

ఈస్ట్రోజెన్ హార్మోను కలిపిన సముద్రపు నీళ్లలో ఉంచిన ఆల్చిప్పలు అవి. ఆ తరువాత పది రోజులు మంచి సముద్రపు నీళ్లలో ఉంచాం.

ఇందాక శశికళ మేడం రిపోర్టు తెచ్చారు.

"నీళ్లల్లో ఏమీ లేదప్పా. మాంసంలో మాత్రం హార్మోను అట్లే ఉండాది. కొవ్వుతో కలిపి దాచి పెట్టుకున్నాయి, గట్టివే! అన్నీ పారేసినావు గదా?"

"పారేసినా మేడం."

వరండాలోకి వచ్చి వర్తూరులో ఇంటికి ఫోను చేశాను. నా భార్య హేమలతకు రొమ్ములో క్యాన్సరు గడ్డ తీసి ఆరు నెలలైంది. ఆ హార్మోను పని చేయకూడదనే రోజూ మాత్ర మింగుతోంది.

"చిప్పల కూర తిన్నావా?"

"ఉప్పు చూస్తా ఉండా. ఏమయ్యా, నీకు మిగల్చనని భయమా?"

"ఉమ్మెయ్! అంతా పారబొయ్!"

"మంచి నీళ్లలో ఉండినవని నువ్వే తెస్తివి గదా?"

వెనక్కి తిరిగితే గుమ్మంలో మేడం ఉన్నారు.

లోపలికి వచ్చి, పైన రాసిన 'పారేశాను' అన్న మాట కొట్టేశాను. మేడం పక్కనే నిలబడి చూస్తున్నారు. మిగిలిన ఆల్చిప్పలు ఇంటికి