కింది వాటా కర్ర

అరికాళ్ళకు మళ్ళీ తగిలింది. టక్, టక్, టక్.

కింది వాటాలోకి కొత్తగా దిగిన ముసలాయన కర్రతో పైకప్పును పొడుస్తున్నాడు. పియానో ముందు కూర్చున్న స్వరకర్తకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"చూశావా వాడి పొగరు?" అని చెల్లెలి మీద అరిచాడు.

"కాస్త మెల్లగా మాట్లాడన్నయ్యా, వీధి చివరిదాకా వినపడుతోంది," అందామె, అతని ఎడమచెవి దగ్గరకు వంగి.

ఆ చప్పుడు అతనికి వినపడదు. కాళ్ళకు తెలుస్తుందంతే. కుడిచెవి ఎప్పుడో పోయింది. ఎడమచెవి కూడా దాని దారే పట్టింది. మిషను పెట్టుకుంటే పాటకు బదులు గిన్నెలు దొర్లిన రొద. ఈ సంగతి చెల్లెలికి తప్ప మూడో మనిషికి తెలియదు.

తెలిస్తే ఇంకేముంది, చేతిలో ఉన్న నాటకం జారిపోతుంది. చెవిటివాడు బాణీలు కడుతున్నాడంటే నవ్వనిదెవరు? నాటకంలో ఆఖరి పాట ఒక్కటే మిగిలింది. అది కాస్తా సగంలో మొరాయించింది. రోజూ మొదటినుంచి ఎత్తుకోవడం, ఎక్కడో ఒకచోట ఆగిపోవడం.

ఆగి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడో లేదో, కిందినుంచి కర్ర.

"నేను వాయించినంతసేపూ కొడుతూనే ఉంటాడు. నా మోతలో తెలియదు, ఆపాక తెలుస్తుంది. అవునా కాదా?"

"నువ్వు ఆ పియానోను బాదే బాదుడికి నాకేం వినపడి చస్తుంది?"

అతను మడమతో నేలను ఫెడీమని తన్నాడు. కిందినుంచి రెట్టింపు జోరుగా జవాబొచ్చింది.

"ఓహో, నాతోనే పంతమా?"

పళ్ళు నూరుతూ పాట మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి అది ఇంకాస్త ముందుకు సాగింది. కోపంలో ఆ సంగతి పట్టించుకోలేదు.

ఒకసారి కిందికెళ్ళి తలుపు దబదబా బాదాడు. ఎవరూ తీయలేదు. కప్పు కొట్టడం వచ్చు గానీ తలుపు తీయడం రాదు కాబోలు మహానుభావుడికి, అని తిట్టుకుంటూ వచ్చేశాడు.

ఇంకోసారి మెట్ల మీద ఎదురుపడ్డారు. ముసలాయన చొక్కా నిండా రంగు మరకలు. ఆయన ఆగి, మొహమంతా నవ్వుతూ, పది వేళ్ళూ గాల్లో ఆడించి చూపించాడు. తర్వాత గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. పెదవులు కదిలాయి.

ఏమన్నాడో స్వరకర్తకు వినపడలేదు. ఏమిటని అడిగితే తన బండారం బయటపడుతుంది. అంతా అర్థమైనట్టు తలూపి, "నీ వెక్కిరింతలు నా దగ్గర కాదు," అని మొహం మీదే అనేశాడు.

ముసలాయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వుకు ఇతనికి ఒళ్ళంతా కారం పూసినట్టయింది. అట్నుంచటే ఇంటి ఓనరు దగ్గరకెళ్ళాడు.

"ఆయనన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. ఏదో ఒకటి తేల్చండి."

ఓనరు గడ్డం గోక్కుంటూ చాలాసేపు ఏదో నచ్చజెప్పాడు. ఖర్మకాలి కుడివైపు నిలబడి చెప్పాడు. స్వరకర్త రెండుసార్లు తలూపాడు.

"అవన్నీ నాకు తెలుసు. ఖాళీ చేయించండి."

ఓనరు అతన్ని వింతగా చూశాడు. ఏళ్ళ తరబడి ఉంటున్న మనిషిని వదులుకోలేక సరేనన్నాడు. ముసలాయన వెళ్ళిపోయాడు.

పీడ విరగడైందని స్వరకర్త పియానో ముందు కూర్చున్నాడు. పాట ఎప్పటిలాగే ఆగింది. అరికాళ్ళకు ఏమీ తగల్లేదు. కోపం రాలేదు. కోపం రాకపోతే మళ్ళీ ఎత్తుకోబుద్ధి కాలేదు. లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. మర్నాడూ అంతే. చూసి చూసి నాటకం వాళ్ళు ఆ పాట వేరే ఆయనచేత కట్టించుకున్నారు.

అన్నిటికీ ఆ ముసలాడే కారణమని అతను ఉడికిపోతుండగా ఓనరు వచ్చి కిందికి రమ్మని సైగ చేశాడు. సున్నం బకెట్టు పట్టుకుని ఉన్నాడు.

కింది గదిలో అడుగుపెట్టగానే స్వరకర్త ఆగిపోయాడు.

గోడ మీద ఒకదాని కింద ఒకటి రంగుల వరసలు. పై వరసలు అప్పటికే సున్నంలో కలిసిపోయాయి. మిగిలినవన్నీ ఒకేలా మొదలయ్యాయి. నీలం మందంగా నేలబారుగా సాగింది. పసుపు మూడుసార్లు పైకెగిరింది. ఎరుపు నిదానంగా కిందికి జారింది. ప్రతి వరసా పైదానికన్నా కొంచెం ముందుకెళ్ళి, అక్కడ ఆగింది.

చివరి వరస ఆగిన చోటు చూసేసరికి అతని వేళ్ళు వాటంతటవే కదిలాయి.

అది తన పాట. పైకెగిరిన చోటా తనదే, జారిన చోటా తనదే.

ఓనరు వైపు విసురుగా తిరిగాడు.

"ఇంత బాగా వినే చెవులు పెట్టుకుని నన్ను ఏడిపించాడా? ఆ చెవుల్లో ఒక్కటి నాకుంటే వాడి కాళ్ళు కడిగి ఉండేవాణ్ణి."

ఓనరు మొహం అదోలా అయిపోయింది. ఏదో అన్నాడు. స్వరకర్త అలవాటుగా తలూపబోయి, సగంలో ఆపాడు.

"నాకు వినపడదు," అన్నాడు కసిగా. ఆ కసి ఓనరు మీద కాదు. "చెవిటివాణ్ణి. ఆ రోజు మీరు చెప్పిందీ వినపడలేదు. ఇటు ఎడమవైపుకొచ్చి చెప్పండి."

ఓనరు బకెట్టు దించాడు. ఎడమచెవి దగ్గరకొచ్చి గట్టిగా చెప్పాడు.

"ఆయనకు పుట్టుచెవుడు మాస్టారూ. కర్ర ఒక కొస కప్పుకు ఆనించి, ఇంకో కొస పళ్ళతో కరుచుకుని, ఆ అదురును బట్టి మీ పాటకు బొమ్మలేసుకుంటానని ఆయనే నాకు రాసి చూపించాడు. మీరు ఆపేసినప్పుడు మాత్రం, ఆపొద్దని బతిమాలుతూ కొట్టేవాడట."